కాకెంగిలి

మొదట నా కంటబడింది ఇడ్లీ.

ఈవా కంచంలో పెట్టిన రెండు ఇడ్లీలూ నడిమికి చీలి ఉన్నాయి. ఎడమ సగాలు తిన్నది, కుడి సగాలు ఒబ్బిడిగా కంచం అంచుకు జరిపి పెట్టింది. అయిదేళ్ళ పిల్ల ఇడ్లీ తింటే చట్నీ మోచేతిదాకా కారాలి, టేబుల్ కింద నాలుగు ముక్కలు రాలాలి. జామెట్రీ పరీక్ష రాసినట్టు తినే పిల్లని నేనైతే ఎక్కడా చూడలేదు.

"మిగతాది ఎవరు తినాలే?" అన్నాను. ఈవా భుజాలెగరేసి బూట్లు తొడుక్కోవడానికి వెళ్ళిపోయింది. కీటాకి టైమవుతోంది. బడి వయసు రాని పిల్లల్ని ఇక్కడ పంపే చోటు పేరు కీటా. నేనేం చేశాను? నిలబడే ఆ సగాలు నోట్లో వేసుకుని, కంచం కడిగేసి, బస్సు కోసం పరిగెత్తాను. కన్నపిల్ల ఎంగిలి తినడానికి ఏ తల్లీ ఆలోచించదు. పారేద్దామంటే చేతులు రావు కదా.

నేను ఏసుకుమారిని. చినగంజాంలో ఉప్పుమడుల పక్కన పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, ఇప్పుడు కైసర్స్‌లౌటర్న్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తున్నాను. మా ఆయన నోయెల్‌ది ఒంగోలు. ఈ ఊళ్ళోనే ఒక పరిశోధనా సంస్థలో కంప్యూటర్ల పని. మంచివాడు. ఆ మాట చర్చిలో అందరూ అంటారు, నేనూ అంటాను. కాకపోతే "ఆఫర్" అన్న మాట చెవిన పడితే మాత్రం మనిషి మనిషిలా ఉండడు. నాకు నోరెక్కువని ఆయన ఫిర్యాదు. ఉన్న నోరు దాచుకుని ఏం చేసుకోను?

ఈ గొడవంతా ఆయన ఆఫర్‌తోనే మొదలైంది.

మాకు జర్మన్ పాస్‌పోర్టులు వచ్చిన ఏడాది అది. నీలం పాస్‌పోర్టులు అప్పజెప్పి వచ్చిన రోజున నేను బాత్‌రూములో కూర్చుని కాసేపు ఏడ్చాను. నోయెల్ మాత్రం కొత్త ఎర్రట్ట పుస్తకం చేతబట్టుకుని లాప్‌టాప్‌లో ప్రపంచమంతా వెతకడం మొదలుపెట్టాడు.

"ఏసూ, ఇటు చూడు. సెయింట్ మార్టిన్ అంట. చిన్న దీవి. పైన సగం ఫ్రెంచోళ్ళది, కింద సగం డచ్చోళ్ళది. ఒక్క టికెట్టుకి రెండు దేశాలు!"

"ఆగస్టులో అక్కడ తుఫాన్లు గదా. ఎవురు పోతారు?"

"అందుకే గదే ఆఫరు!"

అలా వెళ్ళాం. మా ఊరి నుంచి పారిస్‌కి రైలు, అక్కణ్ణుంచి విమానం. దీవి బాగానే ఉందని ఒప్పుకోవాలి. పొద్దున ఫ్రెంచి వైపు వెన్న కారే రొట్టెలు తిని యూరోలు ఇచ్చాం. మధ్యాహ్నం డచ్చి వైపు చేపల వేపుడు తిని డాలర్లు ఇచ్చాం. ఇటువైపు గోడలో దూరే చార్జర్ అటువైపు గోడలో దూరదు. మధ్యలో గేటు లేదు, పోలీసు లేడు, రోడ్డు పక్కన ఒక బోర్డు, ఒక రాతి స్తంభం, అంతే. జనానికి అసలు పట్టింపే లేదు. అన్నం ఒక దేశంలో వండుకుని నిద్ర ఇంకో దేశంలో పోతారు. నాకు అది కొత్తగా ఏమీ అనిపించలేదు. మా ఇంట్లోనూ అంతే. వంటగదిలో ఆంధ్రా, హాల్లో జర్మనీ. ఈవాకి తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం జర్మన్‌లో ఇస్తుంది. అది అన్న మాటలు ఇక్కడ నేను తెలుగులోకి మార్చి రాస్తున్నాను, జర్మన్ పిల్లలు అమ్మని పిలిచినట్టు నన్ను పిలిచే 'మామా' తప్ప.

ఆఖరి రోజు టాక్సీ నడిపిన ముసలాయన మాకు ఆ దీవి కథ చెప్పాడు. ఎప్పుడో పూర్వం దీవిని పంచుకోవడానికి ఒక ఫ్రెంచివాడూ ఒక డచ్చివాడూ వీపుకి వీపు ఆనించి నిలబడ్డారట. ఒకడు ఇటు, ఒకడు అటు, సముద్రం ఒడ్డు పట్టుకుని నడిచారట. ఎక్కడ మళ్ళీ ఎదురుపడ్డారో అక్కడ గీత గీశారట.

"ఈ దీవి మీద దేన్ని పంచుకున్నా అంతేనమ్మా," అన్నాడు ఆయన ఇంగ్లీషులో. "వీపు తిప్పుకుని వెళ్ళిపోయాం కదా అనుకుంటాం. చుట్టూ తిరిగి ఎదురుపడతాం."

నోయెల్‌కి ఆ కథ తెగ నచ్చింది. సరిహద్దు స్తంభం దగ్గర టాక్సీ ఆపించి, ఒక కాలు ఫ్రాన్సులో ఒక కాలు హాలెండులో పెట్టి, నానా భంగిమల్లో ఫోటోలు దిగాడు. నేను ఎండకి కొంగు నెత్తిన వేసుకుని నిలబడ్డాను. అక్కడే రోడ్డు వారగా ఒక ఇల్లు. ఎప్పటి తుఫాను ఎత్తుకుపోయిందో, పైకప్పు లేదు. గీత సరిగ్గా ఆ ఇంటి మధ్యలోంచి పోతున్నట్టుంది. దాని వెనక ఎండిపోయిన మడుగు, తెల్లటి పొరలు కట్టి ఉంది. నా ముక్కుకి ఆ వాసన వెంటనే తెలిసిపోయింది. ఉప్పు.

ఆ ఇంటి గడప మీద ఒక పిల్ల కూర్చుని ఉంది. ఈవా ఈడుదే. నల్లటి పిల్ల, తెల్ల గౌను. కాళ్ళకి చెప్పుల్లేవు. చీలమండల దాకా కాళ్ళు తెల్లగా పొరలు కట్టి, మడమలు పగిలి ఉన్నాయి. ఉప్పుమడుల్లో రోజంతా నిలబడేవాళ్ళ కాళ్ళు అలాగే ఉంటాయి. మా అమ్మ కాళ్ళు అలాగే ఉండేవి. ఈ రోజుల్లో కూడా ఇంత పిల్లని మడుల్లో దింపుతారా అనుకున్నాను.

ఈవా చేతిలో వేరుశెనగ అచ్చు ఉంది, మా అమ్మ ఊరి నుంచి పంపించింది. ఈవా ఆ పిల్ల ముందుకు వెళ్ళి నిలబడింది. పిల్ల అచ్చు వైపు చూసింది. అప్పుడు ఈవా ఏం చేసిందంటే, గౌను అంచు పైకెత్తి, అచ్చు మీద కప్పి, గుడ్డ మీదనుంచి పటుక్కున కొరికింది. కాకెంగిలి! నేనే నేర్పాను. చిన్నప్పుడు బళ్ళో మేం జీళ్ళు, తేగ ముక్కలు అలాగే పంచుకునేవాళ్ళం. గుడ్డ అడ్డం ఉంటే ఎంగిలి అంటదని లెక్క. జర్మనీలో పుట్టిన పిల్లకి అది వచ్చినందుకు నాకు ఎంత మురిపెమో చెప్పలేను.

"సగం సగం," అంది ఈవా, ఒక ముక్క చాపుతూ. ఆ రెండు మాటలు మాత్రం అది తెలుగులోనే అంటుంది.

ఆ పిల్ల ముక్క అందుకుంది. నోట్లో పెట్టుకుని, తల వంచి ఈవా మొహంలోకి చూసింది.

"సగం సగం," అంది. మా చినగంజాం పిల్ల అన్నట్టే.

పిల్లలు విన్నది విన్నట్టు అనేస్తారు కదా అని నవ్వుకున్నాను. ఎందుకో ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఈవాని రెక్క పట్టుకుని టాక్సీ ఎక్కించాను. "ఆ పిల్ల మనవైపే చూస్తంది, నోయెల్," అన్నాను.

"ఏ పిల్ల?" అన్నాడు ఫోనులోంచి తలెత్తకుండా. ఆయన సంగతి తెలిసిందే కదా, నేను రెట్టించలేదు.

సెప్టెంబరు వచ్చేసరికి మా ఇంట్లో ప్రతిదీ సగం అయింది. దోసె సగం, పాలు సగం, ఆపిల్ సగం. రాత్రి ఈవా మంచంలో ఒక పక్కకి ఒదిగి పడుకునేది. రెండో పక్క దిండు సర్ది, దుప్పటి చివర మడిచి పెట్టేది. బొమ్మలు రెండు వరుసలు. ఒక వరుసని అది ముట్టుకునేది కాదు. పిల్లల ఆటలు అనుకున్నాం. ఊహల్లో స్నేహితురాల్ని కల్పించుకోవడం ఈ వయసులో మామూలేనని నోయెల్ నెట్‌లో చదివి నాకు వినిపించాడు. నేను కంచంలో మిగిలిన సగం తింటూ విన్నాను.

అక్టోబరులో కీటా టీచరమ్మ నన్ను పక్కకి పిలిచింది. "ఈవా మాట మధ్యలో ఆపేస్తోంది," అంది ఆమె. "సగం వాక్యం చెప్పి ఎదురు చూస్తుంది. ఎవరో మిగతాది చెప్పినట్టు తలూపుతుంది. ఇంట్లో కూడా ఇలాగేనా?"

ఇంట్లో అలాగే అని అప్పుడు తట్టింది నాకు. దాని తెలుగూ జర్మనూ కలగాపులగమై మాటలు తడుముకుంటోందని అనుకుంటూ వచ్చాను.

ఆ రాత్రి స్నానం చేయిస్తుంటే చూశాను. పక్కటెముకలు బయటపడ్డాయి. భుజం చేత్తో పట్టుకుంటే కోడిపిల్లని పట్టుకున్నట్టుంది. రోజూ ఎంతోమంది రోగుల ఒళ్ళు తుడిచేదాన్ని, నా బిడ్డ ఒళ్ళు కరిగిపోతుంటే పైన స్వెట్టర్లు తొడుగుతూ కూర్చున్నాను. నాకు భయం వేసింది. ఆ భయం ఇంక నన్ను వదల్లేదు.

పిల్లల డాక్టరు దగ్గర టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకడమే గగనమైంది. రక్తం తీశారు, కడుపు స్కాన్ చేశారు, అన్నీ బాగున్నాయన్నారు. బరువు మాత్రం ఉండాల్సిన గీత కిందికి జారిపోతోంది. "బాగా తినిపించండి," అన్నాడు డాక్టరు. నేను అతన్ని కొట్టకుండా బయటికి వచ్చానంటే దేవుడి దయే.

అమ్మకి ఫోన్ చేశాను. మా అమ్మ సీతారత్నం జీవితమంతా చర్చిలో ముందు వరసలో కూర్చున్న మనిషి. దిష్టీ గిష్టీ సాతాను పనులని పాస్టరుగారు ఎన్ని ప్రసంగాలు చేసినా, ఇంటికొచ్చి పిల్లలకి ఉప్పు తిప్పిపోసేది.

"పిల్లకి దిష్టి కొట్టిందే," అంది అమ్మ. "ప్రార్థన చేసుకో. చేసుకుని, గుప్పెడు రాళ్ళుప్పు మూడుసార్లు తిప్పి గడప బయట పొయ్యి. దేవుడు ఏమీ అనుకోడులే."

నేను పోశాను. ఈవాని హాల్లో నిలబెట్టి, రాళ్ళుప్పు గుప్పెట్లో పట్టుకుని, పైనుంచి కిందికి తిప్పి, మెట్ల మీద చల్లి తలుపేశాను. నోయెల్ నవ్వలేదు. ఆయనకీ భయం మొదలైందని అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున తలుపు తీశాను. మెట్ల మీద ఉప్పు లేదు. మెట్ల నుంచి మా గడప దాకా చిన్న చిన్న పాదాల గుర్తులున్నాయి, తెల్లగా, ఆరిపోయి. అన్నీ లోపలికే వచ్చాయి. బయటికి పోయినవి ఒక్కటీ లేవు.

మా బిల్డింగు చూసుకునే పెద్దాయన వచ్చి, "మంచు పడక ముందే ఉప్పు చల్లిందెవరు?" అని గొణుక్కుంటూ తడిగుడ్డతో తుడిచేశాడు. ఇంత నోరుగలదాన్ని, తలుపు చాటుకి తప్పుకున్నాను. ఉప్పు చల్లితే పీడ పోతుందని అమ్మ చెప్పింది. ఉప్పులోనే పుట్టి పెరిగిన ఆ దీవి పిల్లకి అది పిలుపేనని మా ఇద్దరికీ తట్టలేదు.

ఆ సాయంత్రం పప్పన్నం కలిపి ఈవా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. అది సగం తిని, చెంచాతో గీత గీసి, కంచం పక్కకి జరిపింది. నేను అలవాటుగా కంచం దగ్గరికి లాక్కున్నాను.

"మామా, వద్దు," అంది. "అది నీది కాదు."

"మరి ఎవురిదే?"

"నీకు తెలుసు కదా. నువ్వు రోజూ ఆమెది తినేస్తున్నావ్. ఆమెకి ఆకలిగా ఉంటోంది. అందుకని..." అక్కడ ఆగి, గోడ వైపు చూసి, తలూపింది.

"అందుకని?"

"అందుకని నా దాంట్లోంచి తీసుకుంటోంది."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ప్రతి పూటా నిలబడి, ఫోన్ మాట్లాడుతూ, టీవీ చూస్తూ, పారెయ్యడం ఎందుకని నేను మింగిన సగం ఇంకొకరి వాటా. ముద్ద కంచంలో పెట్టేశాను. నోయెల్‌కి చెప్తే, "సరే, ఉంచుదాం. ఉంచితే పోయేదేముంది?" అన్నాడు. ఆయన మంచితనం అక్కరకు వచ్చిన సందర్భాల్లో అదొకటి.

ఆ రోజు నుంచి సగం అలాగే ఉంచేదాన్ని. పొద్దున లేచి చూస్తే అన్నం అన్నంగానే ఉండేది, ఒక్క మెతుకు తగ్గేది కాదు. ఒకసారి అనుమానం వచ్చి నాలిక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. పప్పులో, కూరలో, ఊరగాయ ముక్కలో కూడా లేదు. మా అమ్మ పట్టిన ఆవకాయ చప్పగా ఉంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యరంటారు కదా, మా ఉప్పు తింటోంది కాబట్టి మా పిల్లని వదిలేస్తుందని ఆశపడ్డాను.

ఈవా బరువు తగ్గడం ఆగింది. కానీ పెరగలేదు. చెంపలు అలాగే పీక్కుపోయి, కళ్ళు అలాగే పెద్దవై, సగం మాటలు సగంగానే ఉన్నాయి. కొన్నిసార్లు కిటికీ దగ్గర నిలబడి, "లేదు, అది ఇవ్వను," అని గట్టిగా అనేది. ఏమి ఇవ్వవే అంటే చెప్పేది కాదు. నా మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా కరుచుకునేది. ఆ చేతుల్లో బలం లేదు.

నవంబరు పదకొండు వచ్చింది. ఆ రోజు ఇక్కడి పిల్లలకి సెయింట్ మార్టిన్ పండుగ. ఎప్పుడో ఒక చలికాలం ఆ మార్టిన్ గుర్రమెక్కి పోతూ, వణుకుతున్న బిచ్చగాణ్ణి చూసి, కత్తితో తన శాలువా రెండు ముక్కలు చేసి సగం ఇచ్చాడట. చీకటి పడ్డాక ఆ మార్టిన్ వేషంలో ఒకరు గుర్రమెక్కి ముందు పోతుంటే పిల్లలు కాగితం లాంతర్లు పట్టుకుని ఊరేగుతారు. "ఆ దీవికీ ఈయన పేరేనంట ఏసూ," అన్నాడు నోయెల్ లాంతరుకి బ్యాటరీ వేస్తూ. "అక్కడ కూడా ఇయ్యాళే పండగంట." అని నాలిక కరుచుకున్నాడు. ఆ దీవి పేరు మా ఇంట్లో ఎత్తడం మానేసి చాన్నాళ్ళయింది.

నేను పిల్లని పంపనన్నాను. ఈవా వెళ్ళి తీరాలంది. అంత పట్టుదలగా అది ఏదీ అడిగి ఎన్నాళ్ళయిందో! కాదనలేకపోయాను. కీటాలో చేసిన లాంతరు తెచ్చింది. ఒక వైపు నక్షత్రాలు, చేపలు, రంగు కాగితాలు. రెండో వైపు వట్టి తెల్ల కాగితం.

కీటా ముందు పెద్ద పిల్లల్ని ఒక వరుస, చిన్నపిల్లల్ని ఒక వరుస చేశారు. ఒక వరుస కుడికి, ఒక వరుస ఎడమకి, చెరొక వీధి చుట్టి వచ్చి చర్చి వెనక మైదానంలో కలవాలి. టీచరమ్మ ఆ మాట చెప్తుంటే నేను ఈవా చెయ్యి పట్టుకున్నాను. రెండు వరుసలూ ఒకదానికొకటి వీపు పెట్టి నిలబడి ఉన్నాయి. పాట మొదలైంది. ఈవా నా చెయ్యి లాగింది. నోయెల్ గుర్రం వెనక జనాన్ని వీడియో తీస్తూ ముందుకి పోయాడు.

తడి రాళ్ళ వీధి, ఇళ్ళ కిటికీల్లో కొవ్వొత్తులు. పిల్లలు పాడుతున్నారు, ఈవా ప్రతి చరణం సగం పాడి ఊరుకుంటోంది. మలుపు తిరిగాం. ఎదురుగా రెండో వరుస లాంతర్లు ఊగుతూ వస్తున్నాయి. ఆ లాంతర్ల చివర, కొంచెం ఎడంగా, ఒక లాంతరు ఒక వైపే వెలుగుతోంది.

"మామా, కళ్ళు మూసుకో," అంది ఈవా. "నువ్వు చూస్తే ఆమె అడుగుతుంది."

"ఏమడుగుతుందే?"

"నిన్ను."

నేను మోకాళ్ళ మీద కూర్చుని దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అప్పుడు మొత్తం చెప్పింది. ఎక్కడా ఆగకుండా, ఎవరి కోసమూ ఎదురు చూడకుండా చెప్పింది. "అన్నీ సగం ఇస్తానన్నాను. ఇడ్లీ, మంచం, బొమ్మలు, నా పాటలు కూడా. మామాని మాత్రం ఇవ్వనన్నాను. సగం అంటే అన్నీ సగమే కదా అంది. మామా వద్దు, దానికి బదులు నా దాంట్లోంచి తీసుకో అన్నాను. ఆమె తీసుకుంటోంది."

నా బిడ్డ. అయిదేళ్ళ నా బిడ్డ నన్ను దాచుకోవడానికి ఇన్ని నెలలుగా తన ఒళ్ళు కోసి ఇస్తోంది, నేనేమో దానికి విటమిన్ సిరప్పులు పోస్తున్నాను. లేచి నిలబడ్డాను. ఎవరైనా సరే, దెయ్యమైనా సరే, జుట్టు పట్టుకుని అడుగుదామనే లేచాను. నా నోటికి అడ్డం లేదని ఊరికే అంటారా?

ఆ పిల్ల నా ఎదురుగా ఉంది. అదే తెల్ల గౌను. పాట పాడుతున్న పిల్లలు ఆమె పక్కనుంచి తోసుకుంటూ పోతున్నారు, ఎవరూ చూడటం లేదు. ఆమె నన్ను బెదిరించలేదు. చెయ్యి చాపలేదు. ఊరికే నిలబడి, తల పైకెత్తి, నా మొహంలోకి చూస్తోంది. వీధి రాళ్ళ మీద చలి పొగలు కక్కుతోంది. ఆ తెల్లటి చిన్న పాదాలకి ఏమీ లేవు. మడమల పగుళ్ళలో ఉప్పు ఉంది. ఆ పగుళ్ళు ఎంత మండుతాయో నాకు తెలుసు. రాత్రిళ్ళు మా అమ్మ కాళ్ళకి ఆముదం రాసింది నేనే. ఈ పిల్ల కాళ్ళకి ఆముదం రాసినవాళ్ళు ఎవరూ లేరు. ఆ సగానికీ చెందక, ఈ సగానికీ చెందక, ఎన్నేళ్ళ నుంచి అలా గడప మీద కూర్చుందో.

కోపం ఎటు పోయిందో పోయింది.

"ఏందే, ఈ చలిలో చెప్పుల్లేకుండా తిరుగుతున్నావ్?" అన్నాను. నా గొంతు నాకే వినపడింది, ఈవాని కసిరే గొంతే. "చూడు, కాళ్ళు ఎట్టా పగిలినయ్యో."

ఆ పిల్ల పెదాలు కదిలాయి. ఏడుపో నవ్వో తెలియలేదు.

"ఇదిగో చూడు," అన్నాను. "నా బిడ్డ జోలికి ఇంక రామాకు. దాని దగ్గర తీసుకున్నది దానికిచ్చెయ్యి. నేను ఉన్నా గదా. సగం సగం."

ఈవా వద్దంటూ "నైన్!" అని అరిచింది. దాన్ని కుడి చేత్తో నా పక్కకి హత్తుకుని, ఎడమ చెయ్యి చాపాను.

చిన్న వేళ్ళు నా వేళ్ళ మధ్యకి వచ్చాయి. చల్లదనం మణికట్టు మీదుగా, మోచేయి మీదుగా, భుజం దాకా పాకింది. అక్కణ్ణుంచి లోపలికి, ఎడమవైపు పక్కటెముకల కిందికి దిగింది. నొప్పి లేదు. నోటిలో మాత్రం ఉప్పు రుచి, ఊళ్ళో ఎండాకాలం పెదాలు నాక్కుంటే తగిలేది. పక్కకి చూశాను. లాంతరు లేదు, తెల్ల గౌను లేదు. నా చేతిలో ఆ వేళ్ళు మాత్రం ఉన్నాయి.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వరుసలు రెండూ కలిసిపోయి మైదానం వైపు వెళ్ళిపోయాయి. అక్కడ గుర్రం మీది మార్టిన్ ఎర్ర శాలువా చింపుతున్నాడు, ముందే అంటించి పెట్టిన వెల్క్రో పరపరమంటూ ఊడిన చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది. టీచరమ్మ పిల్లలకి కాగితంలో చుట్టిన, ఉప్పు లేని తియ్యటి బ్రెజెల్ రొట్టెలు పంచుతూ వచ్చి ఈవా చేతిలో ఒకటి పెట్టింది. ఈవా ఒకసారి దాని వైపు, ఒకసారి నా వైపు చూసింది. తర్వాత ఆబగా కొరికింది. ఇటు కొరికి, అటు కొరికి, చక్కెర మూతంతా పూసుకుని, నెలల ఆకలి తీరేలా తిన్నది. దాని చెంపల్లో వెచ్చదనం నా కుడి అరచేతికి తగిలింది. నేను ఏడ్చాను. సంతోషంతోనే ఏడ్చాను, అందులో అబద్ధం లేదు.

వృత్తి బుద్ధి పోదు కదా. ఈవా తింటుండగా దాని మణికట్టు పట్టుకుని చూశాను. నాడి టకటకా కొట్టుకుంటోంది, గట్టిగా, గుర్రప్పిల్లలా. ఆ తర్వాత కుడి చేతి వేళ్ళు నా ఎడమ మణికట్టు మీద పెట్టాను. కిందికి జరిపాను, పైకి జరిపాను. ఎక్కడ నొక్కినా ఏమీ లేదు.

నోయెల్ జనంలోంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఈవా చేతిలో ఖాళీ కాగితం, మూతి నిండా చక్కెర చూసి ఆయన కళ్ళు నిండాయి. "మొత్తం తిన్నదా? ఏసూ, మొత్తం తిన్నదే!" అని దాన్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. "అబ్బో, బరువుగా ఉన్నావే!" అన్నాడు. ఇంకో చెయ్యి నా ఎడమ చెయ్యి కోసం చాపాడు.

"పద, ఇంటికి పోదాం. చలి."

నేను ఆయనకి అటు పక్కకి వెళ్ళి కుడి చెయ్యి ఇచ్చాను.

"ఆ చెయ్యి ఒద్దులే," అన్నాను. "అది ఖాళీ లేదు."